న్యాయశీలి నౌషేర్వాన్

ఉర్దూ, పారశీక సాహిత్యములతో పరిచయమున్న కుటుంబములలో నౌషేర్వాన్ పేరు విననివారు అరుదు. దాతను పొగడదలచినపుడు హాతిమ్‌తోను, వీరుని పొగడదలచినపుడు రుస్తుమ్‌తోను పోల్చినట్లే, న్యాయము తప్పని ప్రభువును ఆ సాహిత్యము నౌషేర్వాన్‌తో పోల్చును. మన తెలుగు విద్యార్థులకు ఈ పేరు అంతగా పరిచితము కాదు. కాని వారు బాల్యమున చదువుకొన్న కరటక దమనకుల కథ భారతదేశపు ఎల్లలు దాటి పశ్చిమ దేశములకు ప్రయాణము కట్టినది ఈ ప్రభువు ఆస్థానము నుండియే. ఇట్లు ఒకే కళాశాలలోని రెండు భాషల విద్యార్థులకును చుట్టమైన ఈ ప్రాచీన చక్రవర్తిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట అసందర్భము కాదని తలచుచున్నాను.

అతడు ముస్లిము కాడు. జరతుష్ట్ర మతమును రాజమతముగా పాలించిన పారశీకుడు. అతని మనుమని మనుమల కాలమున ఆ రాజ్యమును అరబ్బులు జయించినారు. జయించినవారి సంతతియే, ఓడినవారి రాజునకు ‘ఆదిల్’ అన్న బిరుదును శతాబ్దుల పాటు తమ గ్రంథములలో నిలిపినారు. ఆ బిరుదు ఎట్లు వచ్చినది? దానికి అతడు ఎంతవరకు తగును? పొగడ్తలను మాత్రమే చదివినవారికి ఈ ప్రశ్న తోచదు. అతని జీవితమును మొదటి నుండి చూచినవారికి మాత్రము తోచక మానదు.

క్రీ.శ. 224లో అర్దషీర్ అనువాడు పార్థియన్ల చివరి రాజును యుద్ధమున వధించి సాసానీ వంశమును నెలకొల్పినాడు. ఆ వంశము నాలుగు శతాబ్దులకు పైగా ఇరాన్, ఇరాక్ భూములను ఏలినది. నేటి బాగ్దాదునకు ఆగ్నేయమున, టైగ్రిస్ నది యొడ్డున ఉన్న తైసఫూన్ వారి రాజధాని. అరబ్బులు దానిని మదాయిన్ అన్నారు. రాజునకు షాహన్‌షా, అనగా రాజాధిరాజు, అని పేరు. రాజ్యమును, మతమును కవల సోదరులుగా భావించుట ఆ కాలపు పారశీకుల సిద్ధాంతము. ఒకటి పడిన రెండవది నిలువదని వారి నమ్మకము.

వారి మతమును గూర్చి కొంత తెలిసికొననిదే అతని కథ బోధపడదు. అహురమజ్దా సర్వజ్ఞుడైన దైవము. అతనికి ఎదురుగా అహ్రిమన్ అను దుష్టశక్తి. లోకమంతయు ఈ ఉభయుల పోరాటభూమి. సద్భావన, సద్వచనము, సత్కార్యములతో మానవుడు మంచి పక్షమున నిలిచి పోరాడవలెను. వారిని అగ్నిపూజకులని తేలికగా పిలుచుట మనకు అలవాటు. నిజమునకు అగ్ని వారికి పావిత్ర్యమునకు చిహ్నమే గాని దైవము కాదు. నిప్పును, నీటిని, నేలను మలినపరచరాదను నియమము వలననే వారు మృతదేహములను దహింపక, పూడ్చక ఎత్తైన ప్రదేశములలో పక్షులకు విడిచెడివారు. మన హైదరాబాదు, సికింద్రాబాదులలో అగ్యారీలు కట్టుకొని నివసించుచున్న పార్సీలు ఆ ప్రాచీన మతమును కాపాడుకొని వచ్చినవారి సంతతి. అవెస్తా గ్రంథభాష మన ఋగ్వేద భాషకు తోబుట్టువు. వీరి యజ్ఞము వారికి యస్న, వీరి సోమము వారికి హఓమ.

సమాజ విభాగమున గూడ ఆ పోలిక కనబడును. అర్చకులు, యోధులు, రాయసగాండ్రు, వారి క్రింద కృషీవలులు, చేతిపనివారు అని సాసానీల సమాజము నాలుగు అంతరువులుగా ఉండెడిది. ఒక తరగతిలో పుట్టినవాడు మరియొక తరగతిలోనికి పోవుట రాజాజ్ఞ లేనిదే సాధ్యము కాదు. అగ్నులు సైతము తరగతులవారీగా ఉండెడివి: అర్చకుల అగ్ని వేరు, రాజునకు యోధులకు వేరు, రైతులకు వేరు. పన్ను చెల్లించు భారమంతయు క్రింది అంతరువుపైననే.

ఐదవ శతాబ్ది చివర ఈ కట్టడము బీటలు వారినది. పీరోజ్ చక్రవర్తి కాలమున సంవత్సరముల తరబడి క్షామము వచ్చినది. 484లో శ్వేతహూణులతో జరిగిన యుద్ధమున పీరోజ్ స్వయముగా మరణించినాడు. అటుపిమ్మట పారశీకులు ఆ హూణులకు కప్పము కట్టవలసివచ్చినది. 488లో పీరోజ్ కుమారుడు కవాద్ సింహాసనమెక్కినాడు. పారశీక ఉర్దూ గ్రంథములలో ఇతనినే ఖుబాద్ అందురు. ఖజానా ఖాళీ, ప్రభువర్గము రాజును లెక్కచేయని స్థితి, గిడ్డంగులలో ధాన్యమున్నను ఆకలితో మలమల మాడు ప్రజలు. ఈ స్థితిలో మజ్దక్ అను అర్చకుడు ముందుకు వచ్చినాడు.

భగవంతుడు సంపదను అందరికి సమానముగా ఇచ్చినాడనియు, బలవంతులు దానిని అపహరించినారనియు మజ్దక్ బోధించినాడు. ఫిర్దౌసీ తన షానామాలో ఒక సన్నివేశము చెప్పును. పాము కరచిన వానికి విరుగుడు మందు తన వద్ద ఉండియు ఇవ్వనివానిని ఏమి చేయవలెనని మజ్దక్ రాజును అడిగినాడట. వాడు హంతకుడేనని రాజు తీర్పు చెప్పినాడు. వెంటనే మజ్దక్ బయట నిలిచిన ఆకలిజనమును పిలిచి, గిడ్డంగుల తలుపులు తెరచి ధాన్యము పంచుకొమ్మన్నాడు. ఆస్తితో పాటు స్త్రీలను గూడ ఉమ్మడి చేయుమని అతడు బోధించెనని ప్రత్యర్థులు వ్రాసినారు. అతనిని గూర్చి మనకు మిగిలినదంతయు ప్రత్యర్థుల వ్రాతయే గనుక ఆ ఆరోపణను కొంత తగ్గించి చదువుట మంచిది. కవాద్ అతనిని ఆదరించినాడు. దయతోనో, ప్రభువర్గమును అణచు ఉపాయముగనో చెప్పుట కష్టము. 496లో ప్రభువులు, అర్చకులు ఏకమై కవాద్‌ను దించి చెరలో వేసినారు. అతడు తప్పించుకొని, హూణుల సైన్యముతో రెండు మూడేండ్లకు తిరిగి వచ్చి గద్దెనెక్కినాడు.

మన కథానాయకుడైన ఖుస్రో ఈ కవాద్ కుమారులలో మూడవవాడు. తల్లి ఒక ప్రభువంశపు సేనాని సోదరి. పెద్దవాడైన కావూస్ మజ్దక్ అనుయాయులకు సన్నిహితుడు. రెండవవాడు జామాస్ప్‌కు ఒక కన్ను లేదు. అంగవైకల్యము ఉన్నవాడు రాజగుట పారశీకులకు నిషిద్ధము. తండ్రి మనస్సు మాత్రము మొదటి నుండి మూడవవానిపైననే. అతని వారసత్వమును స్థిరపరచుటకై రోమన్ చక్రవర్తి జస్టిన్‌ను ఖుస్రోను దత్తత తీసికొనుమని గూడ కవాద్ కోరినాడు. దత్తపుత్రుడు రోమన్ సింహాసనమునకే వారసుడనని రాగలడని జస్టిన్ మంత్రి ఒకడు భయపెట్టగా ఆ ప్రయత్నము చెడినది. ఆ చిన్నచూపు ఖుస్రో మనస్సున నాటుకొని ఉండవచ్చును. తరువాతి జీవితమంతయు అతడు రోమన్లతో తలపడుచునే గడిపినాడు.

528 ప్రాంతమున, తండ్రి ఇంకను జీవించియుండగనే, ఖుస్రో మజ్దక్ పక్షమును నిర్మూలించినాడు. మత వాదమునకని రాజసభకు పిలిపించి, ఓడినారని ప్రకటించి, సంహరించినారని వృత్తాంతములు చెప్పుచున్నవి. మజ్దక్ అనుచరులను తోటలో తలక్రిందులుగా, చెట్లు నాటినట్లు పాతించి, నీ తోటను చూచుకొమ్మని మజ్దక్‌కు చూపినాడన్న కథను షానామా చెప్పును. కథలో కొంత అతిశయోక్తి ఉండవచ్చును. వధ జరుగుట మాత్రము అతిశయోక్తి కాదు. ఇంతకును, ఆ కథను వ్రాసినవారు దానిని అతని క్రౌర్యముగా గాక ధర్మరక్షణగా వ్రాసినారన్నది గమనింపదగిన విషయము.

531లో కవాద్ మరణించినాడు. ఖుస్రో రాజైనాడు. మరుసటి యేటనే ప్రభువులు కొందరు జామాస్ప్ కుమారుడైన బాలుని గద్దెనెక్కింప కుట్ర పన్నినారు. కుట్ర బయటపడగా ఖుస్రో తన సోదరులందరిని, వారి మగ సంతానమును, సొంత మేనమామను చంపించినాడు. ఆ బాలుని చంపుమని ఆజ్ఞ పొందిన సేనాని జాలిపడి రహస్యముగా పెంచినాడు. ఎన్నో యేండ్లకు ఆ సంగతి తెలియగా, అప్పటికి ముదుసలియైన ఆ సేనానికి మరణదండనమే లభించినది. రోమన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ ఈ వివరములు వ్రాసినాడు. శత్రుదేశపు చరిత్రకారుని మాటను కొంత జాగ్రత్తతో చదువవలెనన్నది నిజమే. అయినను ఖుస్రోకు సోదరులు మిగులలేదన్నది సత్యము.

ఇక్కడ వరకు చదివిన విద్యార్థి, ఇతనినేనా న్యాయశీలి అన్నారు అని అడుగక మానడు. సమాధానము అతని శిస్తు విధానములో ఉన్నది.

అంతకు ముందు పారశీక రైతు పంటలో ఆరవవంతు మొదలు మూడవవంతు వరకు రాజునకు ఇచ్చెడివాడు. నీటి వసతిని బట్టి, పంటను బట్టి వంతు మారెడిది. వినుటకు ఇది మంచి పద్ధతి వలెనే ఉండును. కాని అధికారి వచ్చి పంటను అంచనా వేయువరకు రైతు కోయరాదు. అధికారి రాకపోయినచో పండిన పండు చెట్టుననే కుళ్ళవలెను. తన తోటలోని పండును తన బిడ్డకు కోసి ఇచ్చుటకు తల్లి భయపడు స్థితిని కవాద్ కన్నులార చూచి, భూములను కొలిపించుటకు పూనుకొన్నాడని ఒక కథ కలదు. ఆ కొలతను పూర్తి చేయించినవాడు ఖుస్రో. గోధుమ, యవలు పండు నేలకు జరీబునకు ఒక దిర్హము, ద్రాక్షతోటకు ఎనిమిది, పశుగ్రాసపు పైరునకు ఏడు, వరికి దిర్హములో ఆరింట ఐదువంతులు, మేలిజాతి ఖర్జూరపు చెట్లు నాలుగింటికి ఒక దిర్హము, సామాన్యపు చెట్లు ఆరింటికి ఒకటి, ఓలివ చెట్లు ఆరింటికి ఒకటి. కూరగాయలకు పన్ను లేదు. ఈ జరీబు అన్న మాట మన కృష్ణా, గుంటూరు ప్రాంతముల రైతులకు క్రొత్తది కాదు. జరీబు భూములని వారు నేటికిని అనుచునే ఉన్నారు. అరబ్బీ, పారశీకముల మీదుగా మనకు వచ్చిన మాట అది.

ఇరువది మొదలు ఏబది యేండ్ల వయస్సు గల పురుషులకు తలపన్ను వేసినాడు: స్థితిగతులను బట్టి పండ్రెండు, ఎనిమిది, ఆరు, నాలుగు దిర్హములు. సంవత్సరమునకు మూడు వాయిదాలలో చెల్లింపవచ్చును. నిర్ణయించిన రేట్ల పట్టికలను రాజధానిలో ఒకటి, వసూలు అధికారుల వద్ద ఒకటి, ప్రతి మండలపు న్యాయాధిపతి వద్ద ఒకటి ఉంచినారు. అధికముగా వసూలు చేయువానిని న్యాయాధిపతి అడ్డుకొనవలెను. పంట నష్టమైనచో పన్ను తగ్గింపు కలదు. ఎంత చెల్లింపవలెనో ముందుగా తెలియుట సామాన్యమైన సుఖము కాదు. అధికారి ఇష్టమునకు, రైతు బ్రతుకునకు నడుమ ఒక వ్రాతకాగితము వచ్చి నిలిచినది. నౌషేర్వాన్ న్యాయమని తూర్పు దేశములు వేయి సంవత్సరములు చెప్పుకొన్నదానికి మూలము ఈ కాగితమేనని నా అభిప్రాయము. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఇరాక్‌ను జయించినపుడు ఈ కొలతలనే ఆధారముగా గైకొన్నారని తబరీ వ్రాసినాడు.

ఆ తబరీయే మరియొక సంఘటన గూడ వ్రాసినాడు. క్రొత్త పన్నును ప్రకటించుటకు ఖుస్రో సభ చేసినాడు. ఎవరికైనను అభ్యంతరమున్నదా అని మాటిమాటికి అడిగినాడు. సభ మౌనముగా ఉన్నది. మూడవమారు ఒకడు లేచి, నశించు వస్తువులపై శాశ్వతమైన పన్ను వేయుట ఎట్లు తగునని అడిగినాడు: తీగ ఎండిపోవును, నీరు ఇంకిపోవును, మనిషి చనిపోవును, పన్ను మాత్రము నిలిచియుండునా అని అతని ప్రశ్న. నీవు ఏ తరగతివాడవని రాజు అడిగినాడు. రాయసగాడనని అతడు చెప్పినాడు. అతనిని సిరాబుడ్లతో కొట్టి చంపుమని రాజు ఆజ్ఞాపించినాడు. తోడి రాయసగాండ్రే, తమకు ఆ మాటతో సంబంధము లేదని చూపుకొనుటకై, అతనిని ఆ బుడ్లతో కొట్టి చంపినారు. అటుపిమ్మట సభ యావత్తు పన్ను తమకు సమ్మతమేనని తెలిపినది. అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. పంట నష్టమునకు తగ్గింపు అన్న నియమము ఆ ప్రశ్నకు జవాబు వంటిదే. అయినను ప్రశ్నించినవాడు మిగులలేదు. అతని పేరును ఎవ్వరును వ్రాసియుంచలేదు.

సైన్యమును గూడ అతడు ఇట్లే లెక్కలోనికి తెచ్చినాడు. గొప్ప ప్రభువుల సేనలపై ఆధారపడుట మాని, దిహ్ఖానులు అను చిన్న భూస్వాములకు గుర్రములు, ఆయుధములు, జీతములు ఇచ్చి తన వారినిగా చేసికొన్నాడు. ఒకే సేనాపతికి బదులు నాలుగు దిక్కులకు నలుగురిని నియమించినాడు. ఈ సేనాపతుల ముద్రలు మట్టిబిళ్ళలపై ఇటీవలి కాలమున దొరకినవి. సైనిక తనిఖీకి బాబక్ అను అధికారిని పెట్టగా, అతడు రాజుతో సహా అందరును పూర్తి ఆయుధములతో తన ఎదుటకు రావలెనని చాటించినాడట. రాజు వచ్చినాడు. విడి అల్లెత్రాళ్ళు రెండు మరచినాడని బాబక్ వ్రాసికొన్నాడు. రాజు తిరిగిపోయి అవి తెచ్చుకొన్నాడు. గరిష్ఠ జీతము నాలుగు వేల దిర్హములు కాగా రాజునకు నాలుగు వేల ఒకటి నిర్ణయించినాడు బాబక్. ఆ మాట రాజునకు ఆగ్రహము కలిగింపలేదు. సిరాబుడ్ల సభను, ఈ తనిఖీని ఒకే మనిషి చేయించినాడని నమ్ముట కష్టమే. కాని రెండింటిలోను ఒకే బుద్ధి పనిచేసినది: నియమము ఏర్పడిన పిదప రాజును దానికి లోబడును, నియమము ఏర్పడునపుడు ప్రశ్నించు హక్కు ఎవరికిని లేదు.

తరగతుల కట్టుబాటు విషయమున అతని మనస్సు ఎంత గట్టిదో షానామాలోని చెప్పులుకుట్టువాని కథ తెలుపును. రోమన్లతో యుద్ధము సాగుచుండగా సైన్యమునకు ధనము చాలలేదు. ధనికుడైన ఒక చర్మకారుడు కావలసినంత సొమ్ము ఇచ్చుటకు ముందుకు వచ్చినాడు. బదులుగా అతడు కోరినది ఒక్కటే: తెలివిగల తన కుమారునికి చదువు నేర్చి రాయసగాడగుటకు అనుమతి. రాజు సొమ్మును త్రిప్పి పంపినాడు. చెప్పులు కుట్టువాని కొడుకు చదువుకొన్నచో రేపు నా కుమారుడు రాజైనపుడు కులీనులు అతని ముందు చేతులు కట్టుకొని నిలువవలసివచ్చునని అతని తర్కము. ఫిర్దౌసీ ఈ కథను రాజు దూరదృష్టికి నిదర్శనముగా చెప్పినాడు. నేడు మన కళాశాల తరగతి గదులలో కూర్చున్న పిల్లలలో ఎందరి తండ్రులు ఏయే వృత్తుల వారో ఎరిగినవారు దీనిని ఆ దృష్టితో చదువలేరు. ఎవరి స్థానమున వారిని ఉంచుట, ఉన్న స్థానమున వారికి అన్యాయము జరుగకుండ చూచుట - ఇది అతనికి తెలిసిన న్యాయము. స్థానము మార్చుకొనుట అందులో లేదు.

మతవిషయమున అతడు తండ్రికంటె కట్టుబాటు గలవాడు, తన అర్చకులకంటె ఉదారుడు. జరతుష్ట్ర మతమును విడిచినవానికి మరణశిక్ష అన్నది నాటి చట్టము. మార్ అబా అను క్రైస్తవ మతాచార్యుడు పుట్టుకచే జరతుష్ట్రీయుడు. అర్చకులు అతని ప్రాణము కోరినారు. ఖుస్రో చంపింపక దేశాంతరము పంపినాడు. 562లో రోమన్లతో కుదిరిన సంధిలో పారశీక రాజ్యములోని క్రైస్తవులు దేవాలయములు కట్టుకొనవచ్చుననియు, తమ మృతులను తమ రీతిని పూడ్చుకొనవచ్చుననియు, జరతుష్ట్ర పూజలకు వారిని నిర్బంధింపరాదనియు వ్రాసికొన్నారు. వారు మాత్రము జరతుష్ట్రీయులను తమ మతమున కలుపుకొనరాదు. ఖుస్రో భార్యలలో ఒకతె క్రైస్తవురాలు. ఆమె కుమారుడు అనోషజాద్ తండ్రి జబ్బుపడి మరణించెనన్న వదంతి విని గుందేషాపూర్‌లో తిరుగుబాటు చేసినాడు. ఓడిపట్టుబడిన కుమారుని తండ్రి చంపింపలేదు; సింహాసనమునకు అనర్హుడగునట్లు కనురెప్పలు కాల్పించినాడని ప్రొకోపియస్ వ్రాసినాడు.

విద్యావిషయమున అతని కీర్తికి మచ్చ లేదు. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్సులోని తత్త్వశాస్త్ర బోధనను నిషేధింపగా, డమాసియస్, సింప్లీసియస్ మొదలైన ఏడుగురు పండితులు ఖుస్రో ఆస్థానమును ఆశ్రయించినారు. ప్లేటో కలగన్న తాత్త్విక రాజు ఇక్కడ ఉన్నాడని వారి ఆశ. దేశాచారములు వారికి నచ్చలేదు. కొలది కాలమునకే ఇంటిపై బెంగపడినారు. ఖుస్రో నొచ్చుకొనక, 532లో రోమన్లతో చేసికొన్న సంధిపత్రమున వారు స్వదేశమునకు పోయి తమ విశ్వాసముతోనే నిర్భయముగా బ్రతుకవచ్చునను షరతును చేర్పించినాడు. ఒక సంధిపత్రమున ఏడుగురు పండితుల క్షేమమునకై ఒక వాక్యము వ్రాయించిన రాజులు చరిత్రలో ఎందరున్నారు?

ఇక పంచతంత్రము మాట. బుర్జోయ్ అను వైద్యుడు, మృతులను బ్రతికించు మూలిక భారతదేశపు కొండలలో కలదని విని, రాజానుమతితో ఇక్కడకు వచ్చినాడట. ఎంత వెదకినను మూలిక దొరకలేదు. కొండ యనగా పండితుడనియు, మూలిక యనగా సూక్తియనియు, మృతులనగా అజ్ఞానులనియు ఒక వృద్ధుడు బోధించి ఒక గ్రంథమును చూపినాడు. రాజభాండారమున ఉన్న ఆ గ్రంథమును బుర్జోయ్ చదివి, మనస్సున నిలుపుకొని, పహ్లవీ భాషలోనికి మార్చినాడు. బహుమానము కోరుకొమ్మనగా ధనము వలదని, గ్రంథము మొదట తన జీవితకథను చేర్పింపుమని మాత్రము వేడినాడు. ఆ పహ్లవీ గ్రంథము నేడు లేదు. 570 ప్రాంతమున దాని నుండి సిరియాక్ భాషకు, ఎనిమిదవ శతాబ్ది నడుమ ఇబ్నుల్ ముఖఫ్ఫా చేత అరబ్బీకి అనువాదములు వచ్చినవి. కరటక దమనకులు కలీలా, దిమ్నా అయినారు. అరబ్బీ నుండి గ్రీకు, హీబ్రూ, లాటిన్ భాషలకు; పారశీకమున కాషిఫీ రచించిన అన్వారె సుహైలీకి; అక్బరు కాలమున అబుల్ ఫజల్ ఇయారె దానిష్‌కు. ఇట్లు బయలుదేరిన ఇంటికే పారశీక దుస్తులతో తిరిగివచ్చినది ఆ కథ. ఇక్కడ మన దూబగుంట నారాయణకవి, పిదప 1853లో చిన్నయసూరి, సంస్కృతపు త్రోవన వచ్చిన అదే కథను తెలుగు చేసినారు. ఉర్దూ విద్యార్థి చదువు నక్క, తెలుగు విద్యార్థి చదువు నక్క ఒక్కటే. చదరంగము గూడ అతని కాలముననే భారతదేశము నుండి పారశీకమునకు చేరినదని పహ్లవీ గ్రంథమొకటి చెప్పుచున్నది. ఆటను పంపి దాని మర్మము విప్పుమని మన రాజొకడు సవాలు చేయగా, మంత్రి బుజుర్గ్‌మెహర్ విప్పి, బదులుగా నర్ద్ అను పాచికలాటను కల్పించి పంపినాడట.

యుద్ధములను గూర్చి విస్తరింపను. 532లో రోమన్ల నుండి పదునొకండు వేల పౌనుల బంగారము గైకొని శాశ్వతసంధి చేసినాడు. ఆ శాశ్వతము ఎనిమిదేండ్లలో ముగిసినది. 540లో అంతియోకు నగరమును దోచి తగులబెట్టి, పట్టుబడిన ప్రజలకు తైసఫూన్ సమీపమున స్నానశాలలతో, పందెపు మైదానముతో క్రొత్త అంతియోకును కట్టించినాడు. ఊరిని కాల్చి ఊరిని కట్టించుట అతనికే చెల్లినది. ఆ ఊరిలో తన బంధువు ఉన్నాడని నిరూపింపగలిగిన బానిసను యజమాని గూడ తీసికొనిపోరాదని ఆజ్ఞ చేసినాడు. 560 ప్రాంతమున తురుష్కులతో కూడి, తాతను చంపిన శ్వేతహూణుల రాజ్యమును రూపుమాపినాడు. 570 తరువాత అతని సేన సముద్రము దాటి యమన్ నుండి అబిసీనియనులను వెడలగొట్టినది. రోమన్లతో మరల యుద్ధము రేగి, 573లో దారా కోటను పట్టుకొన్నాడు. ఆ యుద్ధము ముగియకయే, 579లో, నలుబదెనిమిదేండ్ల పాలన పిమ్మట మరణించినాడు. కుమారుడు హుర్ముజ్ రాజైనాడు.

అతని రాజ్యకాలముననే, 570 ప్రాంతమున, మక్కాలో మహాప్రవక్త ముహమ్మద్ (స) జన్మించినారు. ఆ రాత్రి కిస్రా సౌధము కంపించి పదునాలుగు బురుజులు కూలినవని కొన్ని సీరా గ్రంథములలో కలదు. కిస్రా అనునది ఖుస్రో పేరునకు అరబ్బీ రూపము. అదియే తరువాత పారశీక రాజులందరికి బిరుదైనది. న్యాయశీలియైన రాజు కాలమున తాము జన్మించితిమని ప్రవక్త వారు చెప్పినట్లు ఒక మాట జనులలో ప్రచారమున ఉన్నది. హదీసు పండితులు పరిశీలించి ఆ మాటకు ఆధారము లేదని త్రోసివేసినారు. ఉపన్యాసములలో అది నేటికిని వినబడుచుండుట చేత ఇక్కడ చెప్పవలసివచ్చినది. బిరుదు ధర్మగ్రంథముల వలన వచ్చినది కాదు. కవుల వలన, కథకుల వలన, పన్ను కట్టిన ప్రజల జ్ఞాపకము వలన వచ్చినది.

ఆ కథలు ఎంత అందమైనవో ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. వేటలో ఉప్పు కావలసివచ్చినపుడు గ్రామము నుండి వెల ఇచ్చియే తెమ్మని ఆజ్ఞాపించినాడని సాదీ గులిస్తాన్‌లో వ్రాసినాడు. రాజు గ్రుడ్డు తీసికొన్న సేవకులు కోళ్ళను తీసికొందురని దాని భావము. పాడుపడిన ఊళ్ళను కన్యాశుల్కముగా బేరమాడుకొను గుడ్లగూబల సంభాషణ విని అతడు పరివర్తనము చెందినాడని నిజామీ కవి చెప్పినాడు. సౌధము కట్టునపుడు ఒక ముసలమ్మ తన గుడిసెను అమ్మనన్నదనియు, అందుచేత ముందరి ప్రాంగణము వంకర అయినదనియు, ఆ వంకర నిటారుతనముకంటె అందమని వచ్చిన రాయబారి మెచ్చుకొన్నాడనియు మస్‌ఊదీ వ్రాసినాడు. బాధితులు లాగుటకు అతడు గంట గొలుసు కట్టించెనన్న కథ ప్రసిద్ధము. మన జహంగీరు చక్రవర్తి ఆగ్రా కోటలో బంగారు గొలుసు కట్టించినది ఆ వరుసలోనిదే.

సిరాబుడ్ల కథను, చర్మకారుని కథను ఏ చక్రవర్తియు అనుకరించినట్లు చెప్పుకొనలేదు. అవి గూడ అవే గ్రంథములలో ఉన్నవి.

ముసలమ్మ గుడిసె ప్రక్కన కట్టిరన్న ఆ సౌధమే తాఖె కిస్రా. దానిని కట్టించినవాడు ఖుస్రోయేనని సంప్రదాయము. చెక్క ఆధారము గాని, ఇనుము గాని లేకుండ కేవలము ఇటుకలతో ఇరువదియైదు మీటర్ల వెడల్పున లేపిన కమాను అది. 637లో ముస్లిము సేనలు తైసఫూన్‌ను జయించినపుడు దాని క్రిందనే నమాజు చేసినారు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ బాగ్దాదు నిర్మాణమున ఆ ఇటుకల కొరకు దానిని పడగొట్టింపదలచినాడు. పారశీక వంశీయుడైన ఖాలిద్ బర్మకీ వలదన్నాడు. సొంత జాతిపై అభిమానమని ఖలీఫా నిందించి పని మొదలుపెట్టించినాడు. పడగొట్టుటకగు వ్యయము వచ్చు ఇటుకల వెలను మించినది. మొదలుపెట్టినదానిని ఆపినచో మన చేతకానితనమని లోకము నవ్వునని, ఇక పూర్తిగా పడగొట్టుమని బర్మకీయే అన్నాడట. ఖలీఫా పని ఆపించినాడు. 1888లో టైగ్రిస్ వరదకు ముఖద్వారపు ఒక ప్రక్క గోడ కూలినది. కమాను నిలిచియున్నది.